ముక్కు దిబ్బడకు మందు కన్నా ముందు రోజులు లెక్కపెట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఒక రకం ప్రకటనలు ఎక్కువయ్యాయి. "ఆపరేషన్ లేకుండా సైనస్ శాశ్వతంగా నయం" అని పెద్ద అక్షరాలు, కింద ఒక ఫోన్ నంబరు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఉంటామని ఒక లైను. నేను దేవరకొండలో మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. ఆ ప్రకటన ముక్కను మడిచి జేబులో పెట్టుకొచ్చి "అన్నా, ఇది పనిచేస్తదా, పోవాల్నా" అని అడిగేవాళ్లు ఉన్నారు. అడగకుండానే పోయి, వేలకు వేలు కట్టి, ముక్కులో మంట పుట్టే పసరు పోయించుకుని, అదే దిబ్బడతో మళ్లీ మా షాపు మెట్లెక్కేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మీరు కోత పెట్టినా రోజుల లెక్క ఉన్న భాగం మాత్రం ఉంచమని కోరుతున్నాను.

ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది అదే. ముక్కు దిబ్బడ, చీమిడి, బుగ్గల్లో నొసట్లో బరువు ఉన్నప్పుడు ఏ మందు కావాలో తేల్చేది ముఖ్యంగా ఎన్నాళ్ల నుంచి ఉంది, మధ్యలో తగ్గి తిరగబెట్టిందా అన్న లెక్క. చీమిడి రంగు చూసి మందు అడగడం, ఇవ్వడం రెండూ ఆగాలి. పది రోజులు, నాలుగు వారాలు, పన్నెండు వారాలు, ఈ మూడు గుర్తులు మనసులో పెట్టుకుంటే ఇప్పుడు మన పల్లెల్లో మింగుతున్న యాంటీబయాటిక్ గోలీల్లో చాలా భాగం అవసరం ఉండదు, నిజంగా అవసరమైనవాళ్లు ఆలస్యం కాకుండా డాక్టర్ దగ్గరికి చేరతారు.

మన ముఖం ఎముకల్లో ముక్కుకు అటూ ఇటూ నాలుగు జతల గాలి గదులుంటాయి, వాటినే సైనస్‌లు అంటారు. బుగ్గల వెనుక, నొసట్లో, రెండు కళ్ల మధ్య, ఇంకా లోపల తల మధ్యలో. వాటి లోపలి పొర రోజంతా కొద్దికొద్దిగా జిగురు నీరు ఊరిస్తుంటుంది, కంటికి కనిపించని సన్నని కేశాలు ఆ జిగురును ముక్కులోకి తెరుచుకునే రంధ్రం వైపు నెడుతుంటాయి. బుగ్గ వెనుక ఉన్న గది సంగతి విచిత్రం, తూము అడుగున కాకుండా పైఅంచున పెట్టిన తొట్టి లాంటిది అది, అందులోని నీరు తనంతట తాను కిందికి జారిపోదు, ఆ కేశాలు పైకి మోసుకెళ్లాల్సిందే. సర్ది పట్టినప్పుడు పొర ఉబ్బి రంధ్రం మూసుకుంటుంది, కేశాల పని మందగిస్తుంది, లోపల నీరు నిలుస్తుంది. బరువు, నొప్పి, వాసన తెలియకపోవడం, గొంతులోకి కారడం, అన్నీ అక్కడి నుంచే.

"పడిశం పది రోగాల పెట్టు" అని మన పెద్దలు ఊరికే అనలేదు గానీ, "మందేస్తే వారం, వేయకుంటే ఏడు రోజులు" అన్నదీ వాళ్లే. రెండూ నిజమే. మామూలు సర్దిలో సైనస్ గదుల పొర కూడా ఉబ్బుతుంది, అది వైరస్ పని, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అలాంటి సర్దులు వందకు వస్తే ఒకటో రెండో మాత్రమే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌గా మారతాయి. అయినా మా కౌంటర్ దగ్గర మాట ఎలా ఉంటుందంటే, "సర్ది పట్టి మూడొద్దులైతుంది, ముక్కుల కెల్లి పచ్చగ వస్తుంది, జర గట్టి గోలీలియ్యి". మూడో రోజు, నాలుగో రోజు చీమిడి చిక్కబడి పసుపుగా ఆకుపచ్చగా మారడం మామూలు సర్దిలోనూ జరుగుతుంది. క్రిమితో పోరాడటానికి వచ్చిన మన తెల్ల రక్తకణాల వల్ల ఆ రంగు వస్తుంది. ఒక్క రంగును బట్టి యాంటీబయాటిక్ వేయకూడదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోతే. లేదా మొదటి నుంచే 102 డిగ్రీలకు తగ్గని జ్వరం, చీము లాంటి చీమిడి, ముఖంలో గట్టి నొప్పి కలిసి మూడు నాలుగు రోజులు వరసగా ఉంటే. లేదా ఐదారు రోజులకు బాగైపోతోందని అనుకున్న సర్ది ఉన్నట్టుండి మళ్లీ జ్వరంతో, నొప్పితో తిరగబెడితే. ఈ మూడింట్లో ఏదైనా ఒకటి ఉంటే అది బ్యాక్టీరియా సైనస్ ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ, డాక్టర్‌కు చూపించుకోవాలి. అప్పుడు కూడా డాక్టర్లు మొదట ఎంచుకునేది అమోక్సిసిలిన్, లేదా దానితో క్లావులనేట్ కలిసిన గోలీ, పెద్దవాళ్లకు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు. మూడు రోజుల అజిత్రోమైసిన్ స్ట్రిప్ మన దగ్గర సర్దికి ప్రసాదం లాగా పంచుతున్నారు, ఈ ఇన్‌ఫెక్షన్ తెచ్చే ముఖ్యమైన బ్యాక్టీరియాల్లో చాలా వాటికి ఆ మందు అలవాటైపోయింది కాబట్టి దాన్ని మొదటి మందుగా వాడొద్దని వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు కూడా మార్పు లేకపోతే డాక్టర్ దగ్గరికే తిరిగి వెళ్లాలి, షాపుకొచ్చి "ఇంకో రకం ఇయ్యి" అనకూడదు.

ఇంకో మాట, ఇది మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ కూడా చెబుతున్నాను. సెఫిక్సిమ్, సెఫ్పొడాక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉన్నాయి. చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని గోలీలు, అన్నీ వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. సర్దికి చీటీ లేకుండా ఈ మందులు చేతిలో పెట్టడం చట్ట ప్రకారం తప్పు. నేను ఇవ్వను. "పక్క షాపాయన ఇస్తడు, నీకేం నొప్పి" అని కోపంగా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, వెళ్లనీ.

మొదటి పది రోజులు అసలేం చేయొద్దని కాదు. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్, ఉప్పునీటితో ముక్కు కడగడం, తగినంత నీళ్లు, నిద్ర. ఆవిరి పడితే కాసేపు హాయిగా ఉంటుంది, తప్పులేదు, కానీ పిల్లల ముందు మసిలే నీళ్ల గిన్నె పెట్టి దుప్పటి కప్పడం మాత్రం చేయకండి, గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లల్ని చూసినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. ఆ నీళ్లలో కర్పూరం వేయడం, పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం బిళ్ల పెట్టడం కూడా ప్రమాదం, కర్పూరం చిన్నపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అలవాటు మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఏ పొగైనా ఇప్పటికే ఉబ్బి ఉన్న పొరను ఇంకా రేపుతుంది. సర్ది గోలీల్లో ఉండే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే దిబ్బడ తగ్గించదని 2023లో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల కమిటీ తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోనూ, ఫినైలెఫ్రిన్ క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద రాయాలన్నారు. సీసా మీద అది చదివి కూడా "కొంచమే పోస్తం" అని రెండేళ్ల బిడ్డకు అడిగేవాళ్లు వస్తున్నారు.

ఇప్పుడు చుక్కల మందు గురించి. నా మనసులో అన్నిటికన్నా బాధగా ఉన్నది ఇదే.

వరికోత మిషన్ నడిపే ఒక తమ్ముడు ఉన్నాడు. యాసంగి కోతలకు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోతాడు, వానాకాలం కోతలకు ఇంకో వైపు. షాపుకొచ్చి నాతో మాట్లాడుతూనే చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి, తల వెనక్కి వేసి, ఒక్కో ముక్కులో నాలుగైదు చుక్కలు వేసుకుంటాడు, రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, ముఖంలోకి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. చేతి రాపిడికి సీసా మీద లేబుల్ అక్షరాలు చెరిగిపోయాయి. రాత్రి నిద్రలో కూడా రెండుసార్లు లేచి వేసుకుంటాడట, దిండు కింద ఒక సీసా, మిషన్ క్యాబిన్‌లో ఒక సీసా. అది జైలోమెటాజోలిన్. ముక్కు పొరలోని రక్తనాళాలను బిగించి వాపును అప్పటికప్పుడు తగ్గిస్తుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాల్సిన మందు. అంతకు మించితే మందు ప్రభావం దిగిపోగానే నాళాలు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి, ఆ దిబ్బడ తట్టుకోలేక మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. ఆక్సీమెటాజోలిన్ కూడా అంతే. ఆ తమ్ముడికి మొదట్లో ఉన్నది ధూళికి వచ్చిన అలర్జీయే కావచ్చు, ఇప్పుడు దిబ్బడకు పెద్ద కారణం చేతిలో ఉన్న సీసానే. దీనికి దారి ఉంది. డాక్టర్ సలహాతో స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక వైపు ముక్కులో పూర్తిగా ఆపి, అది కుదుటపడ్డాక రెండో వైపు ఆపుతారు. కొన్ని రాత్రులు కష్టంగా ఉంటుంది, తర్వాత ముక్కు తనంతట తాను తెరుచుకుంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ చుక్కలు అడగకుండా వాడకూడదు. పిల్లలకు వేరే బలం ఉంటుంది, పెద్దలది 0.1 శాతం, పిల్లలది 0.05 శాతం, ఇంట్లో ఉన్న పెద్దల సీసాలోంచి పిల్లలకు వేయడం తప్పు.

నాలుగు వారాల్లోపు తగ్గిపోయేది తాత్కాలిక సైనస్ వాపు. పన్నెండు వారాలు దాటి ఉంటే దీర్ఘకాలికం. ఏడాదికి నాలుగుసార్లో అంతకన్నా ఎక్కువో వచ్చి మధ్యలో పూర్తిగా బాగుంటే అది మళ్లీ మళ్లీ వచ్చే తాత్కాలిక రకం, దాని వైద్యం వేరు. మన దగ్గర ఎవరూ ఈ తేడా అడగరు. "సైనస్ ఉంది" అంటే చాలు, అందరికీ ఒకే చీటీ.

దీర్ఘకాలికం అని చెప్పడానికి నాలుగు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి: ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి ముందుకో గొంతులోకో కారడం, ముఖంలో నొప్పి లేదా బిగుతు, వాసన తగ్గడం. అవి పన్నెండు వారాలు ఉండాలి. అయినా సరిపోదు, కంటితో చూసిన రుజువు కావాలి. ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టర్ సన్నని ఎండోస్కోప్‌ను, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని, ముక్కులోకి పంపి చూస్తారు. ముక్కులో మత్తు మందు స్ప్రే కొట్టి పంపుతారు కాబట్టి నొప్పి పెద్దగా ఉండదు, కాస్త ఇబ్బంది, కళ్లలో నీళ్లు, నిమిషాల్లో అయిపోతుంది. సైనస్ రంధ్రాల దగ్గర చీము కారుతోందా, పొర ఉబ్బి ఉందా, పాలిప్స్, అంటే ద్రాక్షలా వేలాడే మెత్తటి కండలు ఉన్నాయా అన్నది అందులోనే తెలుస్తుంది. అవసరమైతే సీటీ స్కాన్. సీటీ మొదటి రోజే తీయించేది కాదు, మామూలు సర్దిలో తీసినా సైనస్‌లు మబ్బుగానే కనిపిస్తాయి, దాన్ని చూపించి భయపెట్టడం తేలిక. కొన్ని వారాలు సరిగ్గా మందులు వాడి, అప్పటికీ తగ్గకపోతే తీసిన స్కాన్‌కే విలువ. ఎక్స్‌రే దీనికి దాదాపు పనికిరాదు, అయినా చిన్న టౌన్లలో ఇంకా ముఖం ఎక్స్‌రే తీయించి "ఇదిగో సైనస్" అని చూపిస్తున్నారు. ఆ డబ్బు మిగుల్చుకుని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి బస్సెక్కడం మేలు.

దీర్ఘకాలిక వాపుకు మూలమందులు రెండే, ఆశ్చర్యంగా అనిపించొచ్చు, రెండూ చవకే. ఉప్పునీటి కడుగుడు, స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ లాంటివి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. ఈ స్ప్రే ముక్కు పొర మీదే ఎక్కువగా పనిచేస్తుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. భయపడాల్సిన స్టెరాయిడ్ వేరే ఉంది, దాని సంగతి కింద రాస్తాను. స్ప్రే ఫలితం చుక్కల మందులా నిమిషాల్లో రాదు, వారాలు పడుతుంది, రోజూ వాడాలి. రెండు రోజులు కొట్టి "ఏం పనిచేయలె" అని పక్కన పడేసిన డబ్బాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. రోజుకు ఒక్కో ముక్కులో రెండేసి కొడితే 120 స్ప్రేల డబ్బా సరిగ్గా నెల వస్తుంది.

కొట్టే పద్ధతి కూడా ఎవరూ చూపించడం లేదు. కౌంటర్ దగ్గర కొట్టి చూపించమని అడిగితే చాలామంది తల వెనక్కి వేసి, గొట్టం నిట్టనిలువుగా పెట్టి, గట్టిగా పీలుస్తారు. మందంతా గొంతులోకి పోతుంది, నాలుక మీద చేదు తగులుతుంది. ముందు ముక్కు మెల్లగా చీదాలి, గడ్డం కాస్త కిందికి దించాలి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, గొట్టం కంటి బయటి కొస వైపు చూస్తుండాలి, నొక్కి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. మధ్య గోడ మీదికి కొడితే పొర ఎండి రక్తం కారుతుంది. ఇది చూపించడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, డాక్టర్లు, నర్సులు, మా ఫార్మసిస్టులు ఎవరో ఒకరు చూపిస్తే చాలు.

ఉప్పునీళ్లకు ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లలో అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా. అయోడిన్ లేని శుభ్రమైన ఉప్పు దొరికితే మంట ఉండదు, షాపుల్లో కొలిచిన ప్యాకెట్లూ ఉన్నాయి. నీళ్ల దగ్గర మాత్రం ఏ సర్దుబాటూ వద్దు. మూడు నుంచి ఐదు నిమిషాలు తెర్లేలా మసలబెట్టి, మూతపెట్టి చల్లార్చి, గోరువెచ్చగా వాడాలి, ఒక్క రోజులో వాడేయాలి. బోరు నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు, ఏవైనా సరే మసలబెట్టకుండా ముక్కులోకి పోయొద్దు. తాగితే కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది, ముక్కు పైభాగం నుంచి మెదడుకు దారి దగ్గర. 2011లో అమెరికాలోని లూసియానాలో నల్లా నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి చనిపోయారు. ఇది చాలా అరుదు, కానీ స్టవ్ మీద ఐదు నిమిషాలతో తప్పేదాన్ని ఎందుకు వదిలేయాలి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ పై ముక్కులో మెల్లగా పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. రెండు ముక్కులూ పూర్తిగా బిగుసుకుని ఉంటే బలవంతంగా పోయకండి. స్ప్రే కొట్టేది కడిగాకే.

ఆ పసరు వైద్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ముక్కులో పోయగానే ధారగా నీళ్లు కారతాయి, "చూశావా, ఏళ్లనాటి సైనస్ నీరంతా బయటికొచ్చింది" అంటారు. మంట పుట్టించేది ఏది ముక్కులో పోసినా పొర తనను తాను కాపాడుకోవడానికి అప్పటికప్పుడు ఊరించే నీరు అది. కంట్లో కారం పడితే నీళ్లు కారినట్టే. రెండు రోజులు తేలిగ్గా అనిపించి, పొర పుండై, దిబ్బడ మళ్లీ మొదలవుతుంది.

సైనస్ అని తిరుగుతున్నవాళ్లలో అసలు సైనస్ లేనివాళ్లు ఎంతమందో. నొసట్లో, కళ్ల చుట్టూ నొప్పి, ఎండకు పోతే ఎక్కువ, వాంతి వచ్చినట్టు ఉండటం, వెలుతురు, శబ్దం పడకపోవడం, చీమిడి మాత్రం లేకపోవడం. ఇది చాలావరకు మైగ్రేన్. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి కాబట్టి పొరపడతారు. 2004లో అమెరికాలో సైనస్ తలనొప్పి ఉందని చెప్పుకున్న, లేదా డాక్టర్లు అలా చెప్పిన 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ రకం తలనొప్పి అని తేలింది. మన దగ్గర ఆడవాళ్లు ఏళ్ల తరబడి "సైనస్ నొప్పి" అని నొప్పి గోలీలు మింగుతున్నారు. నొప్పి గోలీలు నెలలో చాలా రోజులు మింగితే వాటివల్లే తలనొప్పి పెరుగుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే వాళ్లకు సగం జీవితం తిరిగొస్తుంది.

ఒక వైపే చీమిడి, అదీ దుర్వాసనతో ఉంటే పై దవడ పళ్లు చూపించండి. పై దవడ పళ్ల వేర్లు బుగ్గ సైనస్ అడుక్కు ఆనుకుని ఉంటాయి, పుచ్చిన పన్ను చీము అటు పోతుంది, ఆ పన్నుకు వైద్యం కానంత కాలం ఏ యాంటీబయాటిక్ వేసినా మళ్లీ వస్తుంది. చిన్నపిల్లల్లో ఒక వైపే కంపు చీమిడి ఉంటే ముక్కులో చింతగింజో, పల్లీయో, పూసో ఇరుక్కుని ఉందేమో చూడాలి. బొమ్మల్లో వాడే గుండీ బ్యాటరీ అయితే గంటల్లోనే పొరను కాల్చేస్తుంది, ఆ క్షణమే దవాఖానకు పోవాలి. పెద్దవాళ్లలో ఒక వైపే దిబ్బడ, ఆ వైపే రక్తం కారడం ఉంటే గడ్డ ఉందేమో తప్పక చూపించుకోవాలి, వాయిదా వద్దు.

రైస్ మిల్లుల్లో హమాలీలు, పత్తి జిన్నింగ్‌లో చేసే ఆడకూలీలు, కంకర క్రషర్ల దగ్గర పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు, వీళ్ల ముక్కుల్లోకి పోయే ధూళికి ఏ స్ప్రే సరిపోదు. గట్టిగా అమరే మాస్క్ ఇవ్వడం, ధూళి లేచేచోట నీళ్లు చల్లడం యజమానుల బాధ్యత. పని దిగాక ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే వాళ్లకు నిజంగా ఉపశమనం ఉంటుంది. వానల తర్వాత పొలం గట్ల మీద వయ్యారిభామ పూతకు తుమ్ములు, దురద పెట్టేవాళ్లకు అలర్జీ వైద్యం కావాలి, వాళ్లకే సెట్రిజిన్ లాంటి గోలీలు పనికొస్తాయి. అలర్జీ లేనివాళ్లకు అవి చీమిడిని చిక్కబరచడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు.

ఆపరేషన్ విషయం. మందులు సరిగ్గా వాడినా తగ్గనివాళ్లకు, పాలిప్స్ పెద్దగా ఉన్నవాళ్లకు, ఫంగస్ గడ్డకట్టినవాళ్లకు ఎండోస్కోప్‌తో ముక్కు లోపలి నుంచే చేసే ఆపరేషన్ ఉంది, ముఖం మీద కోత ఉండదు. మూసుకున్న దారులు వెడల్పు చేస్తారు, మందు లోపలికి చేరుతుంది, అంతే. ఆ తర్వాత కూడా కడుగుడు, స్ప్రే కొనసాగించాలి, ఆపేస్తే పాలిప్స్ మళ్లీ పెరుగుతాయి. "ఆపరేషన్ చేసినా మళ్లీ వస్తది" అన్న మాట ఎక్కువగా అక్కడి నుంచే పుట్టింది. పాలిప్స్‌తో పాటు ఆస్తమా ఉన్నవాళ్లు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకునే ముందు డాక్టర్‌ను అడగాలి, కొందరికి ఆ గోలీతో ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ చెప్పినప్పుడు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని దవాఖానలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి, ఆ తర్వాతే అప్పు సంగతి ఆలోచించండి.

భయపడాల్సిన స్టెరాయిడ్ అన్నాను కదా. ఊర్లలో "సైనస్ సూది" అని వేస్తున్నది చాలావరకు స్టెరాయిడ్ ఇంజెక్షనే. ఒక్క రోజులో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి వేసినాయన దేవుడైపోతాడు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ సూది షుగర్‌ను ఎక్కడికో తీసుకుపోతుంది. 2021లో కరోనా రెండో దఫాలో జరిగింది మనం చూశాం, అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్లు కలిసి బ్లాక్ ఫంగస్ ఎలా విరుచుకుపడిందో. ఆ మే నెలలో మన ప్రభుత్వం దాన్ని, కేసు వస్తే ఆసుపత్రులు తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది. కరోనా పోయినా షుగర్ పోలేదు. షుగర్ ఉన్న మనిషికి ఒక వైపు ముఖం నొప్పి, తిమ్మిరి, ముక్కులో నల్లని పొక్కు, కంటి వాపు కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. షుగర్ లేనివాళ్లలో కూడా కన్ను వాచి ఎర్రబడటం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, భరించలేని తలనొప్పితో మెడ బిగుసుకోవడం, నొసలు వాచి మెత్తగా ఉబ్బడం, మనిషి మగతగా ఉండటం, ఇవి రాత్రి పన్నెండింటికి కనిపించినా 108కి ఫోన్ చేయాల్సినవి. పిల్లల్లో కంటి వాపును "దోమ కుట్టిందిలే" అని తెల్లారేదాకా ఆగి, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది రెండు పనులు. శాశ్వత నయం అని హామీ ఇచ్చే ఆ లాడ్జి ప్రకటనలు, ఇచ్చేవాళ్ల చదువు, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా వేయకండి. ప్రకటన డబ్బు పత్రికకు అవసరమని తెలుసు, కానీ మీ పత్రికలో అచ్చయిందంటే మా ఊరి రైతుకు అది వార్తే.

రెండోది, మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాలేజీ ఉన్నచోట ఈఎన్‌టీ విభాగం ఉంటుంది, కానీ ఓపీ ఏ రోజు, ఎన్ని గంటల వరకు, ఎండోస్కోపీ ఏ రోజు చేస్తారు అన్నది డిండి, చందంపేట మండలాల నుంచి తెల్లారి మొదటి బస్సుకు బయలుదేరే మనిషికి తెలియదు, పోయి తిరిగి వస్తాడు, ఆ కూలీ పోయినట్టే, ఆ తర్వాత మళ్లీ పోడు. మీ విలేకరులు ఆయా ఆసుపత్రుల్లో కనుక్కుని ఆ రోజులు, వేళలు జిల్లా పేజీలో వారానికోసారి వేయండి. మార్పులుంటే అవీ వేయండి. మా కౌంటర్ పక్కన అద్దానికి అంటిస్తాను, మిగతా షాపులవాళ్లకు కూడా నేనే పంచుతాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా